రిమార్కుల గడి

ఐసు ఉన్నన్నాళ్ళే వేట.
మా రేవులో చిన్నపిల్లలకి కూడా తెలిసిన లెక్క ఇది.
ఐసు కరిగిందంటే బోటు మొహం తిప్పుకోవాల్సిందే
యారాడ కొండ మీది దీపం వెతుక్కుంటూ.

నేను ఐసు ఫ్యాక్టరీలో గుమస్తాని.
పంతొమ్మిదేళ్ళుగా నా చేతి కింద నుంచే
చలి సముద్రంలోకి వెళుతోంది.
తేదీ. బోటు నంబరు. దిమ్మలు. రేటు. బాకీ.
చివర ఒక సన్నటి గడి,
రిమార్కులు అని అచ్చేసి ఉంటుంది.
అందులో ఎవరూ ఏమీ రాయరు.

ఆ రోజు మసేను కిటికీలోంచి తల పెట్టి
"అప్పా, ఇంకో ఆరు దిమ్మలియ్యే.
ఒక్క రోజు ఎక్కువుంటే టూనా పడతాది.
ఒచ్చినాక ఇచ్చేత్తాను" అన్నాడు.
ఓనరు భోజనానికి వెళ్ళాడు.
తమ్ముడు కదా.
నలభై అని రాశాను.
నలభై ఆరు ఎక్కాయి.

ఆ ఒక్క రోజే గాలి తిరిగింది.

మిగతా బోట్లు ఐసు అయిపోయి
ముందురోజే రేవులో ఉన్నాయి,
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, టైర్లు కీచుమంటూ.

జాలారిపేట ఆడవాళ్ళు ఏడవమని నా భుజాలు పట్టి ఊపారు.
దర్గా కొండ మీద తాయెత్తు కట్టించారు.
కేజీహెచ్‌లో నిద్రమాత్రలు రాసిన డాక్టరమ్మ
మనసులో ఉన్నది ఎవరికైనా చెప్పుకోమంది.
ఎవరికి చెప్పను?
అమ్మకా,
నీ కొడుక్కి ఆరు దిమ్మల చావు అరువిచ్చానని?

ఎండకి పెడితే పూటలో నీరయ్యే సరుకు
నా లోపల మూడేళ్ళు గడ్డగానే ఉంది.

వేట నిషేధం రోజుల్లో మోటార్లు పడుకున్నాయి.
పాత పుస్తకాలు కట్టగట్టి అటకెక్కించమన్నాడు ఓనరు.
ఆ పేజీ దానంతటదే తెరుచుకుందంటే అబద్ధం,
నేనే వెతికాను.
నలభై.
నా దస్తూరీయే. సున్నా గుండ్రంగా, నిమ్మళంగా,
ఏమీ ఎరగనట్టు.

పక్కన అగ్గిపెట్టంత ఖాళీ.
ముందు "ఆరు" అని రాసి ఊరుకున్నాను.
కాసేపటికి "నేనిచ్చాను".
గడి నిండిపోయింది. మార్జిన్లోకి దిగాను.
వాడు అడిగాడని రాశాను.
ఎడం చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకున్నాడని,
కొత్తవి కొనిస్తానన్నానని,
పూర్ణా మార్కెట్లో బేరమాడి
ధర తగ్గలేదని వచ్చేశానని.
రేటు గడి మీదుగా, బాకీ గడి మీదుగా,
వేరే బోట్ల లెక్కల సందుల్లోంచి
రాసుకుంటూ పోయాను.
ఎక్కడో మధ్యలో వాణ్ణి తిట్టాను కూడా,
ఆశబోతు గుంటడా, ఒక్క రోజుకోసమా అని.
ఆ తిట్టు దగ్గరే ఏడుపొచ్చింది.
సిరా అలుక్కుపోయింది.
అలాగే ఉంచాను.

సాయంత్రం ఓనరు చూశాడు.
కళ్ళద్దాలు పైకి తోసి, నిలబడే చదివాడు,
పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి.
ఏమీ అనలేదు.
నెలాఖరున జీతం కవరులో
ఆరు దిమ్మల డబ్బులు తగ్గాయి, పాత రేటుకే.
లోపల చీటీ: "మసేను బాకీ చెల్లు."

కోపమొస్తుందనుకున్నాను.
మెట్ల మీద కూచుని ఆ చీటీ చాలాసేపు పట్టుకున్నాను.
మూడేళ్ళుగా అందరి నోటా వాడు పోయినోడు.
ఇందులో వాడికి పేరుంది.

నిద్ర ఇంకా సగమే.
తుపాను కబురు విన్న రాత్రి ఇప్పటికీ లేచి కూచుంటాను.
దిండు కింద ఒక నోటుబుక్కు ఉంటుంది,
పాత పోస్టాఫీసు దగ్గర కొన్నది, గళ్ళు లేనిది.
కొన్నిసార్లు అందులో తేదీ ఒక్కటే వేసి పడుకుంటాను.

జూన్‌లో మోటార్లు లేచాయి.
ఇవాళ ఓ కుర్రాడు కిటికీలోంచి తల పెట్టి
"ఇంకో నాలుగియ్యి, కాసులమ్మ పిన్నీ" అన్నాడు.
పెన్ను ఆగింది.
గాలి కబురు విన్నావా అనడిగాను.
విన్నానన్నాడు.
ఇచ్చాను.
నలభై నాలుగని రాశాను.